ఆగస్టు నుంచి ఆకులు రాలేదాకా: న్యూజెర్సీ పెరటి తోటల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సగం దాటగానే న్యూజెర్సీ తెలుగువాళ్ల మధ్య ఏటా అవే సందేహాలు తిరుగుతుంటాయి. సొరపాదు నిండా పూలున్నా పిందె నిలవడం లేదని ఒకరు, కరివేపాకు ఎప్పుడు లోపల పెట్టాలని ఇంకొకరు, గోంగూర గింజ కట్టేలోపే చచ్చిపోతోందని మరొకరు అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు ఏ ప్రశ్న కావాలో నేరుగా దాని దగ్గరికి వెళ్లి చదువుకోవచ్చు.

ఇక్కడ చెప్పిన తేదీలు ఎడిసన్, ప్లెయిన్స్‌బొరో, సౌత్ బ్రన్స్‌విక్ లాంటి మధ్య న్యూజెర్సీ ఊళ్లకు సరిపోతాయి. ఈ ప్రాంతంలో మొదటి ఫ్రాస్ట్, అంటే ఆకుల మీద మంచు పేరుకునేంత చలి, సాధారణంగా అక్టోబరు మధ్య నుంచి నెలాఖరు లోపు పడుతుంది. సస్సెక్స్ కొండల వైపు అంతకంటే ముందే వస్తుంది, సముద్రతీరాన ఇంకా ఆలస్యమవుతుంది. డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే ఇచ్చాను.

మనం పెంచుకునేవి చాలావరకు వేడి దేశపు మొక్కలు. వాటి బాగోగులు తేల్చేది రాత్రి చలి. సెప్టెంబరులో పగలు 80 ఉందని మనం నిశ్చింతగా ఉంటాం, తెల్లవారుజామున 48కి పడిపోయిన సంగతి తులసికి మాత్రమే తెలుస్తుంది. ఫోన్‌లో వెదర్ చూసినప్పుడల్లా రాత్రి ఉష్ణోగ్రత మీద కూడా ఒక కన్నేసి ఉంచండి.

## ఆగస్టు: తోట కాపు మీదున్నప్పుడు

సొరపాదుకు పూలు బోలెడు. పిందెలు మాత్రం వేలెడు పెరిగి పసుపుపడి రాలిపోతున్నాయి. ఎందుకు?

పరాగ సంపర్కం జరగక. సొరపువ్వు సాయంత్రం పొద్దువాలాక విచ్చుకుంటుంది. ఆ పని చేసేవి రాత్రి తిరిగే చిమ్మటలు, మన పెరట్లలో అవి తక్కువ. కాబట్టి మనమే చేయాలి. పొడుగాటి సన్నని కాడ మీద ఉన్నది మగపువ్వు, పువ్వు వెనక నూగుతో చిన్న సొరకాయ ఆకారం ఉంటే ఆడపువ్వు. చీకటి పడే వేళకు అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కోసి, తెల్లటి రేకులు తీసేసి, మధ్యలో పొడి ఉన్న భాగాన్ని ఆడపువ్వు మధ్య భాగానికి మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. రెండు మూడు రోజుల్లో పిందె కిందికి వంగి లావెక్కడం మొదలైతే నిలిచినట్టే. ఎండ బాగుంటే రెండు వారాలకల్లా కాయ కోతకు వస్తుంది. బీర, పొట్ల కూడా సాయంత్రం పూసేవే. కాకర, దోస పొద్దున పూస్తాయి, వాటి సంగతి తేనెటీగలు చూసుకుంటాయి.

చిక్కుడు పందిరంతా అల్లుకుంది, ఒక్క పువ్వూ లేదు. విత్తనం మంచిది కాదా?

విత్తనం తప్పేమీ లేదు. మన దేశవాళీ చిక్కుడు పగలు కురచయ్యేదాకా పూత మీదికి రాదు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ అది చలికాలపు కాయ కావడానికి కారణం అదే. ఇక్కడ పగటి పొద్దు తగ్గి పూత వచ్చేసరికి సెప్టెంబరు అవుతుంది, కాయ ముదిరేలోపు ఫ్రాస్ట్ వచ్చేస్తుంది. ఈ ఏడాదికి ఎరువు ఆపేసి, తీగల చివర్లు తుంచేసి, వచ్చిన పూతనైనా కాయనివ్వండి. వచ్చే ఏడాదికి పొట్టి రకం, అంటే పొద చిక్కుడు గింజలు తెచ్చుకోండి. పగటి నిడివితో సంబంధం లేకుండా కాసే రకాలు వాటిలో ఉన్నాయి.

దోస, గుమ్మడి ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లగా వస్తోంది. పాదు పీకేయాలా?

అది బూడిద తెగులు. పగలు వేడి, రాత్రి చల్లదనం, గాలిలో తేమ కలిసిన ఆగస్టులో దాదాపు అందరి పాదులకూ వస్తుంది. బాగా తెల్లబడిన కింది ఆకులు కోసి చెత్తలో వేయండి, కంపోస్టులో వద్దు. పాదుకు గాలి ఆడేలా గుబురు తగ్గించండి. వేపనూనె గానీ, తోట మందుల్లో దొరికే పొటాషియం బైకార్బొనేట్ గానీ తెగులు మొదట్లో పనికొస్తాయి, ఆకంతా కమ్మేశాక లాభం లేదు. వేపనూనె సాయంత్రం కొట్టండి, ఎండలో కొడితే ఆకు మాడుతుంది. పాదు ఇంకా కాస్తూ ఉంటే ఉంచండి.

టమాటా మొక్కలు నా ఎత్తు దాటి ఇంకా పూస్తున్నాయి. తలలు కత్తిరించాలా?

సెప్టెంబరు మొదటి వారంలో కత్తిరించండి. పువ్వు కాయై పండడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అందులోనూ చల్లటి రోజుల్లో ఇంకా మెల్లగా. ఆ తర్వాత వచ్చిన పూత పండే అవకాశం లేదు. కొసలు, కొత్త పూత తీసేస్తే మొక్క బలమంతా ఉన్న కాయలకు పోతుంది. నేలకు ఆనుతున్న పసుపుపడిన ఆకులు కూడా తీసేయండి.

ఇంక సీజన్ అయిపోయినట్టేనా? ఇప్పుడు కొత్తగా విత్తుకునేవి ఏమైనా ఉన్నాయా?

అయిపోవడం కాదు, ఆకుకూరలకు అసలు సీజన్ ఇప్పుడే మొదలవుతుంది. మే నెలలో వేసిన కొత్తిమీర నెల తిరక్కుండా పూతకు వచ్చేసిందని బాధపడతాం. దానికి కారణం పెరిగే పగలు, పెరిగే వేడి. ఆగస్టు తర్వాత రెండూ తగ్గుతూ వస్తాయి కాబట్టి అదే విత్తనం ఇప్పుడు వేస్తే గుబురుగా, తీరిగ్గా పెరుగుతుంది.

ముందు పొడుగు ముల్లంగి. దానికి రెండు నెలలు కావాలి కనుక ఆగస్టు మొదటి సగంలోనే పడాలి. చిన్న ఎర్ర ముల్లంగి నెలలోపే వచ్చేస్తుంది, సెప్టెంబరు మధ్య దాకా వేయొచ్చు. ధనియాలు ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా, ఒకేసారి కాకుండా పది రోజులకు ఒక మడి చొప్పున వేస్తే నవంబరు దాకా కోసుకోవచ్చు. ధనియాలను అరచేత్తో నలిపి రెండు బద్దలు చేసి, రాత్రి నానబెట్టి వేయండి. మెంతి వేయడం అన్నిటికంటే సులువు, మూడు నాలుగు వారాల్లో కోతకు వస్తుంది. ఆవాకు, టర్నిప్ కూడా వేసుకోవచ్చు. తోటకూర మాత్రం ఇప్పుడు వేయకండి, దానికి వేడి కావాలి.

చోటెక్కడిదని అడుగుతారు. కాపు తగ్గిన దోసపాదు తీసేసిన చోటే చాలు. పక్కనున్న టమాటా నీడ పడినా మొలకలకు మొదట్లో మంచిదే.

పాలకూర గింజలు రెండుసార్లు వేశాను. మొలవలేదు.

నేల వేడిగా ఉంది. ఇక్కడ దుకాణాల్లో స్పినాచ్ అని అమ్మే రకం నేల 85 దాటితే సరిగ్గా మొలవదు. ఆగస్టు చివరి దాకా ఆగండి. లేదంటే గింజల్ని తడి పేపర్ నాప్‌కిన్‌లో చుట్టి ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు పెట్టి, సాయంత్రం పూట విత్తి, మడి మీద తడి గోనెపట్టా కప్పండి. మొలక కనిపించగానే పట్టా తీసేయాలి.

ఎరువు ఎప్పటిదాకా వేయాలి?

కాసే కూరగాయలకు ఆగస్టు చివరి దాకా పలచగా వేయొచ్చు. కరివేపాకు, మల్లె, మందారం లాంటి కుండీ మొక్కలకు, గులాబీలకు నత్రజని ఎరువు ఆగస్టు చివరికల్లా ఆపేయండి. లేకపోతే లేత చిగుళ్లు వేస్తాయి, చలికి మొదట పోయేవి అవే.

బతుకమ్మకి ఇంటి పూలే వాడాలని ఉంది. ఆగస్టులో ఏం చేస్తే సమయానికి పూస్తాయి?

బంతి మొక్కలు ఉంటే ఆగస్టు మొదట్లో ఎండిన పూలన్నీ తుంచేసి, కొసలు తుంచండి. పక్క కొమ్మలు వేసి సెప్టెంబరు, అక్టోబరుల్లో విరగబూస్తాయి. గునుగు ఇక్కడ నర్సరీల్లో సెలోషియా పేరుతో దొరికే కుటుంబమే. ఈకల్లా నిటారుగా పూసే రకం మన గునుగుకు దగ్గరగా ఉంటుంది. ఆగస్టు చివర్లో నర్సరీలకు శరత్కాలపు మొక్కలు వస్తాయి, వాటితో పాటు సెలోషియా కూడా చవగ్గా పెడతారు. పెట్టుకుంటే ఫ్రాస్ట్ దాకా పూలుంటాయి. ఎండిన గునుగు కంకిని కాగితం మీద దులిపితే నల్లటి ఇసుక లాంటి గింజలు రాలతాయి, కవర్లో వేసి వచ్చే ఏడాదికి దాచుకోండి. గుమ్మడి పూలు మాత్రం పాదు పచ్చగా ఉంటేనే ఉంటాయి. పండగ దాకా ఒక్క పాదైనా బతికించుకోవాలంటే బూడిద తెగులు మొదలవగానే పట్టించుకోవాలి.

## సెప్టెంబరు: రాత్రులు చల్లబడేటప్పుడు

కరివేపాకు కుండీ ఎప్పుడు లోపలికి తేవాలి?

వరసగా రెండు మూడు రాత్రులు 50 కంటే కిందికి పోతాయని చూపిస్తే ఆ లోపే తెచ్చేయండి. మధ్య న్యూజెర్సీలో అది మామూలుగా సెప్టెంబరు మూడో వారం తర్వాత వస్తుంది. ఇంకొన్నాళ్లు ఎండ తగలనిద్దామని అక్టోబరు దాకా ఉంచితే ఆకు పసుపుపడి, లోపలికి వచ్చాక ఒక్కసారిగా రాల్చేస్తుంది. నిండు ఎండలోంచి నేరుగా గదిలోకి తేవద్దు. వారం పది రోజులు చెట్టు నీడనో డెక్ కిందనో ఉంచి, తర్వాత దక్షిణపు కిటికీ దగ్గర పెట్టండి. పక్కన హీటర్ గాలి వచ్చే రంధ్రం లేకుండా చూసుకోవాలి.

పోయిన ఏడాది లోపల పెట్టాక కరివేపాకు జిగురుగా అయిపోయింది. అది ఏం తెగులు?

అది పొలుసు పురుగు. వేసవంతా బయట కనిపించకుండా ఉండి, ఇంట్లో వెచ్చదనానికి విజృంభిస్తుంది. లోపలికి తెచ్చే ముందే ఒక్కో రెమ్మనూ తిప్పి చూడండి. ఆకు వెనక నడిమి ఈనె వెంబడి, లేత కాండం మీద లేత గోధుమరంగు బొడిపెలు అతుక్కుని ఉంటాయి. గోటితో గీరితే ఊడి వచ్చి, కింద తడిగా ఉంటే అది పురుగే. కింది ఆకుల మీద చక్కెర నీళ్లు చల్లినట్టు మెరుపు, దాని మీద నల్లటి మసి ఉన్నా అదే గుర్తు.

రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో కనిపించినవన్నీ తుడిచేయండి. తర్వాత హోస్‌తో ఆకుల వెనక్కి గట్టిగా నీళ్లు కొట్టి, ఆరాక తోట దుకాణంలో దొరికే ఇన్‌సెక్టిసైడల్ సోప్ కొట్టండి. వారం తర్వాత మళ్లీ కొట్టాలి, గుడ్లలోంచి వచ్చినవి ఒకసారికి చావవు. ఎర్రనల్లి ఉంటే ఆకు మీద సన్నని చుక్కలు, కొసల్లో పలచటి గూడు కనిపిస్తాయి, దానికీ ఇదే వైద్యం. ఆ ఆకుల్ని వంటకు వాడేముందు బాగా కడగండి.

బయటి తులసి కోట ఎన్నాళ్లు ఉంచొచ్చు? క్షీరాబ్ధి ద్వాదశికి మొక్క ఉండాలి కదా.

తులసికి చలి అసలు పడదు. రాత్రి 50కి దగ్గరైతే చాలు, ఆకు నల్లబడడం మొదలవుతుంది. క్షీరాబ్ధి ద్వాదశి ఎక్కువగా నవంబరులో వస్తుంది, అప్పటికి బయటి తులసి ఉండదు. ముదిరిన పెద్ద మొక్క లోపలికి తెస్తే చాలాసార్లు నిలవదు. అందుకని ఆగస్టు చివర్లో ఎండిన వెన్నుల్ని ఒక చిన్న కుండీలో నలిపి చల్లి, మట్టి తడిగా ఉంచండి. ఆ చిన్న మొక్కలు మొదటి నుంచీ కుండీకి అలవాటుపడి, కిటికీలో చక్కగా పెరిగి పూజకు సిద్ధంగా ఉంటాయి. మొలకలకు ఆలస్యమైందనుకుంటే లేత కొమ్మ ఒకటి కోసి గ్లాసు నీళ్లలో పెట్టినా వేళ్లు వేస్తుంది.

మందారం, మల్లె బయటే ఉంచితే బతుకుతాయా?

మల్లె బతకదు. కుండీని 50 కిందికి పోకముందే లోపలికి తెచ్చేయాలి. కనకాంబరం, నందివర్ధనం కూడా అంతే. మందారం విషయం రకాన్ని బట్టి ఉంటుంది. మెరిసే చిన్న ఆకులతో పూజకు కోసుకునే మన మందారం లోపలికే రావాలి. భోజనం ప్లేటంత పువ్వు పూసే మందారం మాత్రం ఇక్కడి చలికి తట్టుకునే రకం. కాడలు ఎండిపోయినా వేరు బతికి ఉండి వసంతంలో మళ్లీ లేస్తుంది. కాకపోతే మే నెల దాకా చిగురు కనిపించదు, చచ్చిపోయిందని తవ్వేయకండి.

గోంగూర గింజలు కట్టవేం? విత్తనం ఎలా దాచుకోవాలి?

గోంగూర కూడా పగలు కురచయ్యాకే పూసే మొక్క. ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరుల్లో మొగ్గ కనబడుతుంది, కాయ ఎండి గింజ గట్టిపడేలోపు ఫ్రాస్ట్ దాన్ని చంపేస్తుంది. నేలలో ఉన్నదాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఒక మొక్కను జూలైలోనే కుండీలో వేసుకుని సెప్టెంబరు చివర్లో లోపలికి తెస్తే గింజ చేతికి వచ్చే అవకాశం ఉంది. బయటి మొక్కల ఆకును సెప్టెంబరు చివరికల్లా పూర్తిగా దూసేయండి. మొగ్గ వేశాక ఆకు చిన్నదవుతుంది. కోసిన ఆకు నూనెలో మగ్గబెట్టి, చల్లారాక చిన్న చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే చలికాలమంతా పప్పుకీ పచ్చడికీ ఉంటుంది.

టెక్సస్‌లో మా అక్క వాళ్ల పెరట్లో కరివేపాకు పిలకలు బోలెడున్నాయి. కార్లో తెచ్చుకోవచ్చా?

తేవద్దు. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ అనే జబ్బును మోసే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఆ జబ్బు 2005లో ఫ్లోరిడాలో, 2012లో టెక్సస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ బయటపడింది. అందుకే క్వారంటైన్ ఉన్న ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్కలు, కొమ్మలు బయటికి తీసుకెళ్లడం ఫెడరల్ నిబంధనల ప్రకారం కుదరదు. న్యూజెర్సీలోనే పెంచినవారి దగ్గర పిలక అడిగి తీసుకోండి. పెద్ద మొక్క మొదట్లో వచ్చే పిలకను వేరుతో సహా తీస్తే సులువుగా నాటుకుంటుంది.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు విత్తనాలు సూట్‌కేసులో పెట్టుకోవచ్చా?

నాటడానికి తెచ్చే విత్తనాలకు అక్కడి ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే పురుగులూ తెగుళ్లూ లేవని ఇచ్చే పత్రం ఉండాలి, లేదా చిన్న మొత్తాల విత్తనాల కోసం అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చే పర్మిట్ ముందుగా తీసుకుని ఉండాలి. ఏదైనా సరే కస్టమ్స్ దగ్గర చెప్పాల్సిందే. చెప్పకుండా తెస్తే జరిమానా పడొచ్చు. సొర, బీర, గోంగూర, బచ్చలి గింజలు ఇప్పుడు ఇక్కడి విత్తన కంపెనీల దగ్గరే దొరుకుతున్నాయి, అంత టెన్షన్ పడక్కర్లేదు.

లాన్ అక్కడక్కడా బట్టతల అయింది. ఇప్పుడు గడ్డి గింజలు చల్లాలా, వసంతంలోనా?

ఇప్పుడే. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మొదటి వారం దాకా మంచి అదను. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, కలుపు జోరు తగ్గుతుంది. రేక్‌తో మట్టి గీరి, గింజ మట్టికి తగిలేలా చల్లి, రెండు మూడు వారాలు పైపొర ఎండకుండా రోజూ కొద్దిగా తడపండి. టాల్ ఫెస్క్యూ ఒకటి రెండు వారాల్లో మొలుస్తుంది, కెంటకీ బ్లూగ్రాస్ మూడు నాలుగు వారాలు తీసుకుంటుంది. ఇంకో మాట, న్యూజెర్సీలో 2011లో వచ్చిన ఎరువుల చట్టం ప్రకారం ఇళ్లవాళ్లు నవంబరు 15 నుంచి మార్చి 1 దాకా లాన్‌కు ఎరువు వేయకూడదు.

బూడిదరంగు రెక్కల మీద నల్ల చుక్కలు, లోపల ఎర్ర రెక్కలున్న పురుగులు డెక్ నిండా వాలుతున్నాయి. కూరగాయలకు ప్రమాదమా?

అది స్పాటెడ్ లాంతర్‌ఫ్లై. 2014లో పెన్సిల్వేనియాలో కనబడి 2018 నాటికి న్యూజెర్సీకి వచ్చింది. మనిషిని కుట్టదు, కరవదు. దానికి ద్రాక్షతీగలు, ట్రీ ఆఫ్ హెవెన్ అనే చెట్టు ఇష్టం. కూరగాయలకు పెద్ద నష్టం చేయదు కనుక వంకాయల మీద ఘాటు మందులు కొట్టి తేనెటీగల్ని చంపుకోకండి. సెప్టెంబరు నుంచి చెట్టు బోదెల మీద, రాళ్ల మీద, డెక్ కుర్చీల కింద బురద పూసినట్టు గుడ్లు పెడుతుంది. ఒక్కో పూతలో 30 నుంచి 50 గుడ్లు ఉంటాయి. పాత క్రెడిట్ కార్డుతో గీకి, రబ్బింగ్ ఆల్కహాల్ పోసిన జిప్ కవర్లో వేయండి.

## అక్టోబరు: మొదటి ఫ్రాస్ట్ ముందూ వెనకా

ఫోన్‌లో 36 చూపిస్తోంది. 32 కాదు కదా, ఫ్రాస్ట్ పడుతుందా?

పడొచ్చు. ఫోన్‌లో చూపేది నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున ఉన్న గాలి వేడి. మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది, ఆకు ఉన్న చోట ఇంకా నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉంటుంది. అందుకే నేషనల్ వెదర్ సర్వీస్ 33 నుంచి 36 మధ్య ఉన్న రాత్రులకే ఫ్రాస్ట్ అడ్వైజరీ ఇస్తుంది. మబ్బు పట్టినా, గాలి వీస్తున్నా అదే 36కి ఏమీ కాకపోవచ్చు. పెరడు పల్లంలో ఉంటే పక్కింటివాళ్ల కంటే మీకే ముందు పడుతుంది.

దేనితో కప్పాలి? ప్లాస్టిక్ షీట్ ఉంది.

పాత దుప్పటి, పక్కబట్ట మేలు. ప్లాస్టిక్ తగిలిన చోటల్లా ఆకు మాడిపోతుంది, తప్పకపోతే కర్రలు పాతి ఆకుకు తగలకుండా వేయండి. సాయంత్రం పొద్దు ఉండగానే నేలదాకా కప్పి అంచుల మీద రాళ్లు పెట్టండి, నేల వేడి లోపల నిలవాలి. ముందురోజు మట్టి తడిపితే ఇంకా మంచిది, తడినేల వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. పొద్దున ఎండ రాగానే తీసేయాలి. మొదటి ఫ్రాస్ట్ తర్వాత ఇక్కడ చాలాసార్లు ఒకటి రెండు వారాలు మళ్లీ వెచ్చగా ఉంటుంది, ఒక్క రాత్రి కాపాడితే మిర్చి, వంగ అన్నాళ్లూ కాస్తాయి.

మొక్కల మీద ఇంకా బోలెడు కాయలున్నాయి. ఏవి కోసి పండబెట్టొచ్చు?

టమాటా ఒక్కటే పండుతుంది. అడుగున కొంచెం తెల్లబారిన, నున్నగా మెరిసే పెద్ద కాయలు కోసి కాగితం సంచిలో ఒక అరటిపండుతో పాటు వంటింట్లో పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే పచ్చిగానే ఉండిపోయి రుచి చస్తుంది. మరీ పచ్చివి పచ్చడికి, పప్పుకి బాగుంటాయి. వంకాయ, బెండ, సొర పండేవి కావు, ఎంత చిన్నవైనా కోసేసి వండుకోండి. పచ్చిమిర్చి తొడిమతో సహా కడిగి, తడి లేకుండా ఆరబెట్టి ఫ్రీజర్‌లో వేసేస్తే చాలు.

దొండపాదు చలికాలం ఎలా కాపాడాలి?

దొండకు నేలలో లావైన వేరుగడ్డ ఉంటుంది. అది గడ్డకట్టకుండా ఉంటే వచ్చే ఏడాది మళ్లీ వస్తుంది. ఫ్రాస్ట్‌కు ముందే తీగను జానెడు ఉంచి కోసేసి, గడ్డను మట్టితో సహా తవ్వి కుండీలో పెట్టి బేస్‌మెంట్‌లో ఉంచండి. వెలుతురు అక్కర్లేదు. మట్టి పూర్తిగా ఎండిపోకుండా నెలకోసారి గ్లాసు నీళ్లు చాలు. ఎక్కువ పోస్తే గడ్డ కుళ్లుతుంది. ఏప్రిల్‌లో కిటికీ దగ్గరికి మారిస్తే చిగురు వేస్తుంది.

మిరప మొక్క కూడా అలా బతుకుతుందా?

బతుకుతుంది. ఆకులు, కాయలు తీసేసి, కొమ్మలను రెండు మూడు కణుపులకు కత్తిరించి, కుండీలోకి మార్చి 50 నుంచి 60 మధ్య ఉండే చోట పెట్టండి. పేనుబంక లేకుండా వేళ్లు కడిగి కొత్త మట్టిలో పెట్టడం ముఖ్యం. వచ్చే జూన్‌లో కొత్త నారు కంటే ముందే కాస్తుంది. బాగా కాసిన ఒకటి రెండు మొక్కలకే ఈ శ్రమ పడండి.

వెల్లుల్లి ఎప్పుడు వేయాలి? ఇండియన్ స్టోర్‌లో కొన్నది పనికొస్తుందా?

అక్టోబరు మధ్య నుంచి నవంబరు మొదటి వారాల దాకా. రెబ్బ మొన పైకి ఉండేలా రెండంగుళాల లోతున, ఆరంగుళాల ఎడంతో పెట్టి, పైన మూడు నాలుగు అంగుళాల మందాన ఎండుగడ్డో నలగ్గొట్టిన ఆకులో కప్పండి. చలికాలమంతా వేరు పట్టి, వచ్చే జూన్ చివర్లోనో జూలైలోనో గడ్డ తవ్వుకోవచ్చు. స్టోర్‌లో కొన్నవి మొలక రాకుండా శుద్ధిచేసినవి కావచ్చు, మొలిచినా ఇక్కడి చలికి అలవాటైన రకం కాకపోవచ్చు. రైతుల సంతలో గట్టి కాడ ఉండే హార్డ్‌నెక్ రకం కొనుక్కుంటే నమ్మకంగా వస్తుంది.

కొత్తిమీర, మెంతి ఫ్రాస్ట్‌కు చచ్చిపోతాయా?

తేలికపాటి ఫ్రాస్ట్‌కు చావవు. పొద్దున వడలినట్టు కనిపించినా ఎండకు తేరుకుంటాయి, తేరుకున్నాకే కోయండి. పైన పలచటి తోట బట్ట కప్పితే ఇంకా ఎక్కువ రోజులు ఉంటాయి. పాలకూర వాటికంటే గట్టిది, కప్పి ఉంచితే చలికాలం దాటి మార్చిలో మళ్లీ కోతకు వస్తుంది. వీటికి చలి కంటే జింకల బెడద ఎక్కువ, ఎత్తైన వల కట్టండి.

## నవంబరు: ఆకులు రాలాక

రాలిన ఆకులన్నీ సంచుల్లో ఎత్తి రోడ్డు పక్కన పెట్టాలా?

అంత మంచి ఎరువు బయటికి పంపకండి. ఎండుగా ఉన్నప్పుడు లాన్ మోవర్ రెండుసార్లు నడిపితే ముక్కలవుతాయి. పలచగా ఉంటే లాన్ మీదే వదిలేయొచ్చు, గడ్డి కనిపించనంత మందంగా ఉంటే ఎత్తి ఖాళీ మళ్ల మీద నాలుగైదు అంగుళాలు పరచండి. వసంతానికి చాలావరకు మట్టిలో కలుస్తాయి. ఓక్ ఆకులు నేలను పులిసిపోయేలా చేస్తాయన్నది నిజం కాదు, భయపడకుండా వాడండి. ఆకుల్లో పనిచేసేటప్పుడు పొడుగు ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి. జింక టిక్స్ అనే రక్తం పీల్చే పిడుదుల్లో ఎదిగినవి అక్టోబరు, నవంబరుల్లో చురుగ్గా తిరుగుతాయి. లోపలికి వచ్చాక మోకాళ్ల వెనక, నడుము దగ్గర, పిల్లల చెవుల వెనక చూడండి.

ఎండిన పాదులు పీకేయాలా, వసంతం దాకా ఉంచొచ్చా?

గుమ్మడి, దోస, సొర, టమాటా పీకేయండి, పురుగులూ తెగుళ్లూ వాటి చెత్తలోనే చలికాలం గడుపుతాయి. చిక్కుడు, బీన్స్ తీగలను నేలమట్టానికి కోసి వేళ్లు మట్టిలోనే ఉంచండి. పూలమొక్కల ఎండిన కాడలు ఉన్నా నష్టం లేదు, వాటి గింజలు పిట్టలు తింటాయి.

గులాబీలు ఇప్పుడు కత్తిరించాలా?

వద్దు. గాలికి ఊగి విరిగేంత పొడుగ్గా ఉన్న కొమ్మలు మాత్రమే కాస్త తగ్గించండి. అసలు కత్తిరింపు మార్చి చివర్లో. నేల గడ్డకట్టడం మొదలయ్యాక మొదలు చుట్టూ ఎనిమిది పది అంగుళాల మట్టి పోగు చేయండి.

మట్టిపరీక్ష ఇప్పుడెందుకు?

సున్నం వేయాల్సి వస్తే అది పనిచేయడానికి నెలలు పడుతుంది, ఇప్పుడు వేస్తే వసంతానికి అందుతుంది. రట్గర్స్ యూనివర్సిటీ మట్టి పరీక్షశాలకు జిల్లా (కౌంటీ) వ్యవసాయ సలహా కేంద్రం, అంటే ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ద్వారా మట్టి పంపొచ్చు. కూరగాయలకు పీహెచ్, అంటే మట్టి పులుపు కొలత, 6 నుంచి 6.8 మధ్య ఉంటే బాగుంటుంది. పరీక్ష చేయించకుండా అంచనా మీద సున్నం చల్లకండి.

లోపల పెట్టిన కరివేపాకు ఆకంతా రాల్చేసింది. చచ్చిపోయిందా?

గోటితో కాండం మీద కొద్దిగా గీరండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. వెలుతురు తగ్గేసరికి విశ్రాంతిలోకి పోయింది, అంతే. ఆకు లేని మొక్కకు నీళ్లు అవసరం బాగా తక్కువ. ఈ దశలో మొక్కలు పోయేది ఎక్కువగా మనం జాలిపడి పోసే నీళ్లవల్లే. వేలు రెండు కణుపుల లోతు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే పోయండి. ఎరువు అసలు వద్దు. పైన అడుగు ఎత్తులో గ్రో లైట్ పెట్టి రోజూ 12 నుంచి 14 గంటలు వెలిగిస్తే ఫిబ్రవరికల్లా చిగుళ్లు కనిపిస్తాయి.

డిసెంబరులో మూడు వారాలు ఇండియా వెళ్తున్నాం. మొక్కల సంగతి?

హీటింగ్ 55 కంటే తగ్గించకండి. కిటికీ అద్దానికి ఆకు తగలకుండా కుండీలు రెండడుగులు వెనక్కి జరపండి. వెళ్లే ముందురోజు నీళ్లు అడుగు నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచినవి పారబోయండి. చల్లటి గదిలో కరివేపాకు, మల్లె ఆ తడితో మూడు వారాలు సులువుగా ఉంటాయి. బాత్‌టబ్‌లో నీళ్లు నింపి కుండీలు నిలబెట్టొద్దు, వేళ్లు కుళ్లుతాయి. తులసి అన్నాళ్లు ఆగదు, దాన్ని మాత్రం పక్కింటివాళ్లకు అప్పగించండి.

బయట కుళాయికి ఏమైనా చేయాలా?

హోస్ విప్పేసి నీళ్లు కార్చి గరాజ్‌లో పెట్టండి. బేస్‌మెంట్‌లో ఆ లైను వాల్వు మూసి, తర్వాత బయటి కుళాయి తిప్పి మిగిలిన నీళ్లు కారనిచ్చి, దాన్ని అలాగే తెరిచి ఉంచండి. హోస్ తగిలించే ఉంటే పైపులో నీళ్లు గడ్డకట్టి గోడ లోపల పగులుతుంది, ఆ సంగతి వసంతంలో కుళాయి తిప్పినప్పుడే బయటపడుతుంది. థ్యాంక్స్‌గివింగ్ దాకా ఆగకండి, నవంబరు మొదటి వారంలోనే ముగించండి.